ఢిల్లీలో బొమ్మలు చూడబోయే ముందు

చిరంజీవి లలితకు పెదనాన్న ఆశీస్సులు.

కాలేజీ పని మీద ఢిల్లీ వెళ్తున్నావనీ, ఒక పూట ఖాళీ చేసుకుని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ చూడాలనుకుంటున్నావనీ మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం వేసింది. ఆ పూట సోమవారం పడకుండా చూసుకో, ఆ రోజు సెలవు.

నువ్వు బయల్దేరే ముందు చరిత్రంతా చదివి వెళ్ళాలని టెన్షన్ పడుతున్నావట. అంత అవసరం లేదమ్మా. ఆ గ్యాలరీ చరిత్ర చాలావరకు దాని గోడల మీదే ఉంది. ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ పెట్టారు, ఎవరి బొమ్మలు ఎక్కువున్నాయి, అవి అక్కడికి ఎలా చేరాయి అని అడుగుతూ నడిస్తే, కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశం తన కళ ఏదని అనుకుందో నీకే తెలుస్తుంది.

ముందు బయట నిలబడి భవనాన్ని చూడు. అది జైపూర్ హౌస్. జైపూర్ మహారాజు ఢిల్లీ నివాసంగా 1936లో కట్టారు, ఇండియా గేట్ దగ్గరే. మధ్యలో గుమ్మటం, అటూ ఇటూ విచ్చుకున్న రెక్కలు, సీతాకోకచిలుక ఆకారం. రాజుగారి ఇల్లు జనం వచ్చి చూసుకునే చోటు అయింది, అదే ఒక చరిత్ర. 1954లో ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఇందులో గ్యాలరీని ప్రారంభించారు, ప్రధాని నెహ్రూ కూడా ఉన్నారు. మొదటి క్యూరేటర్, అంటే బొమ్మల సేకరణ చూసుకునే అధికారి, హెర్మన్ గోట్జ్ జర్మనీ వాడు, అంతకు ముందు బరోడా మ్యూజియంలో పనిచేసినవాడు. ప్రారంభంలో పెట్టింది శిల్పాల ప్రదర్శన. అందులో పాల్గొన్న దేవీప్రసాద్ రాయ్ చౌధురి మనకి పరాయివాడు కాదు. మద్రాసు మెరీనాలో బండరాయిని కదిలిస్తున్న కూలీల విగ్రహం ఆయనదే. అక్కడి ఆర్ట్ స్కూలుకి ప్రిన్సిపాల్‌గా చాలా ఏళ్ళు ఉన్నారు. మన తెలుగు చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు గారు ఆయన శిష్యులే.

ఇక లోపల. అన్నీ చూసేయాలనుకోకు. 2009లో కొత్త విభాగం కూడా తెరిచాక ప్రదర్శన స్థలం ఎన్నో ఇంతలు పెరిగింది, ఒక పూటలో అయ్యేది కాదు. ఎప్పుడూ అవే బొమ్మలు గోడ మీద ఉండవు కూడా, మారుస్తుంటారు. కాబట్టి నేను చెప్పినది కనబడకపోతే అక్కడి సిబ్బందిని అడుగు, సిగ్గుపడకు.

రవివర్మ ఆయిల్ పెయింటింగ్ ఒకటి ఎంచుకుని నాలుగడుగులు వెనక్కి జరిగి చూడు. చీర అంచు మెరుపు, ఒంటి రంగు, అంతా నిజంగా ఉన్నట్టే ఉంటుంది. ఆ వెంటనే బెంగాల్ చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ చిత్రం దగ్గరకి వెళ్ళు. ‘జర్నీస్ ఎండ్’ దొరికితే మరీ మంచిది, బరువుకి కుప్పకూలుతున్న ఒంటె బొమ్మ అది. చిన్నది, దగ్గరికి వంగితే గానీ అందదు. రంగు మీద రంగు కడిగినట్టు పలచగా వేసే ఈ పద్ధతిలో జపాన్ చిత్రకారుల ప్రభావం ఉంది. ఒకాయన యూరప్ పద్ధతిని మనది చేసుకున్నాడు, ఇంకొకాయన అది వద్దనుకుని ఆసియా వైపు తిరిగాడు. ఆనాటి వాదమంతా నీ కాళ్ళు ముందుకీ వెనక్కీ కదలడంలోనే తెలిసిపోతుంది. నాకు ఈ గ్యాలరీలో అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇదే.

ఇంకో బెంగాల్ చిత్రకారుడు నందలాల్ బోస్ హరిపుర బొమ్మలు తప్పక వెతుక్కో. 1938లో గుజరాత్‌లోని హరిపురలో జరిగిన కాంగ్రెస్ సభల కోసం గాంధీగారు అడిగితే వేసినవి. డోలు వాయించేవాడు, వంట చేసే ఆడవాళ్ళు, చేతిపనుల వాళ్ళు. పందిళ్ళ కింద పల్లె జనం చూడాలని వేసిన బొమ్మలు ఇప్పుడు జాతీయ సంపదగా లెక్క. ఆ గీత ఎంత వేగంగా, ఎంత ధైర్యంగా ఉందో గమనించు.

అమృతా షేర్‌గిల్ గది దగ్గర మాత్రం కూర్చో, తొందర వద్దు. గ్యాలరీ మొదలైనప్పటి సేకరణలో ఆమె చిత్రాలే ముఖ్యమైన భాగం. ఆమె బుడాపెస్ట్‌లో పుట్టి, పారిస్‌లో చదివి, ఇక్కడికొచ్చి అజంతా గుహల్లోని పాత చిత్రాలు చూసి, దక్షిణాది తిరిగి, ఇరవై ఎనిమిదేళ్ళకే 1941లో లాహోర్‌లో కన్నుమూసింది. 1935లో వేసిన ముగ్గురు అమ్మాయిల బొమ్మ ముందు కూర్చుని, వాళ్ళు ఎటు చూస్తున్నారో చూడు. తర్వాత 1937 నాటి ‘బ్రహ్మచారులు’ చూడు. రెండేళ్ళలో రంగులూ, మనుషుల ఆకారాలూ ఎంత మారాయో, మధ్యలో అజంతా ఏం చేసిందో అర్థమవుతుంది. ఆమె చిత్రాలకి చట్టప్రకారం కళాసంపద హోదా ఉంది, దేశం దాటించి అమ్మడానికి వీల్లేదు.

బొమ్మ పక్కన ఉండే చీటీ ముందే చదవకు. కాసేపు బొమ్మే చూసి, ఏ కాలం అయి ఉంటుందో మనసులో అనుకుని, అప్పుడు ఏడాది చూడు. పేరు చదివాక మన కళ్ళు ఆ పేరునే చూస్తాయి. ఎవరు ఇచ్చారు, కొన్నారా అన్నది రాసి ఉంటే అది కూడా చదువు. ఫోన్‌తో ఫోటోలు తీయొచ్చో లేదో టికెట్ దగ్గరే అడుగు. తీయనిచ్చినా, నచ్చిన బొమ్మని పెన్సిల్‌తో నోటు పుస్తకంలో నాలుగు గీతల్లో వేసుకో. నీకు డ్రాయింగ్ రాకపోయినా ఫరవాలేదు, వేస్తుంటే చూపు నిలుస్తుంది.

ఒక కోరిక. ఢిల్లీకి ముందు మన రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి ఒకసారి వెళ్ళు. ఆ చిత్రకారుడూ షేర్‌గిల్ లాగే ముప్ఫై నిండకుండానే 1925లో పోయాడు, మసూచికం వచ్చి. ఆయన బొమ్మలు చూసి వెళ్తే అక్కడి బెంగాల్ వాళ్ళని కొత్తవాళ్ళలా కాక మన చిత్రకారుల సమకాలికుల్లా చూస్తావు. రైలుకి ఇంకా వారం ఉందిగా, ఏ రోజు తీరికో ఫోన్ చేసి చెప్పు, నేనూ వస్తాను.

ఇట్లు,
పెదనాన్న