కంచికి ఒక్క రోజే కేటాయించేవారు ముందుగా చూసుకోవలసింది మధ్యాహ్నపు వేళ

గుంటూరు నుంచి చెన్నైలోని బంధువుల ఇంటికి వస్తున్నామని, అందులో ఒక రోజు కంచికి పెట్టుకున్నామని, డెబ్బై దాటిన మీ అమ్మగారు కూడా వెంట ఉంటారని, ఆలయ దర్శనంతో పాటు మీ అమ్మాయి పెళ్ళిచీరలు కూడా అక్కడే కొనదలచామని రాశారు. ఎన్ని గుళ్ళు చూడగలం, కారు మాట్లాడుకోవాలా, చీరల విషయంలో ఎవరిని నమ్మాలి అన్నవి మీ ప్రశ్నలు. నేను చెన్నైలో పశ్చిమ మాంబళంలో స్థిరపడినవాణ్ణి. మా ఇంటికి చుట్టాలెవరు వచ్చినా రెండో రోజుకల్లా కంచి మాట ఎత్తుతారు కనుక, వాళ్ళను వెంటబెట్టుకుని ఆ ఊరు తిరగడం నాకు బాగా అలవాటు. ఆ అనుభవంతోనే ఈ సమాధానం రాస్తున్నాను.

కంచికి వెళ్ళేవారిలో ఎక్కువమంది గుళ్ళ పేర్లు శ్రద్ధగా రాసుకుంటారు కానీ వేళలు చూసుకోరు. అక్కడి పెద్ద ఆలయాలు మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నర ప్రాంతంలో మూసివేస్తే మళ్ళీ తెరిచేది సుమారు నాలుగు గంటలకే. చెన్నైలో తాపీగా ఫలహారం ముగించి తొమ్మిది గంటలకు బయలుదేరినవారు కంచి చేరి ఒక గుడి చూసి బయటికి వచ్చేసరికి రెండో గుడి తలుపులు వేసేస్తారు. ఇక నాలుగింటి దాకా ఎండలో చేసేదేమీ ఉండదు కాబట్టి, డ్రైవరు ఏ చీరల దుకాణం ముందు ఆపితే ఆ దుకాణంలోకే వెళ్ళి కూర్చుంటారు. కంచిలో మోసపోయామని చెప్పేవారిలో చాలామంది కథ ఇక్కడే మొదలవుతుంది. మీరు పొద్దున్నే శివకంచి ఆలయాలు, మధ్యాహ్నం భోజనం, చీరలు, నాలుగు తర్వాత విష్ణుకంచిలో వరదరాజస్వామి అన్న క్రమం పెట్టుకుంటే ఆ నాలుగు గంటలూ మీ చేతిలో ఉంటాయి.

చెన్నై నుంచి కంచి దాదాపు 75 కిలోమీటర్లు. బెంగళూరు వెళ్ళే జాతీయ రహదారిలో పూందమల్లి, శ్రీపెరుంబుదూరు దాటాక ఎడమకు తిరగాలి. శ్రీపెరుంబుదూరు చుట్టూ కార్ల కర్మాగారాలు ఉన్నందువల్ల షిఫ్టు బస్సులు, కంటెయినరు లారీలు కలిసి ఉదయం ఏడు తర్వాత ఆ దారి నత్తనడక నడుస్తుంది. అయిదున్నరకు ఇంట్లోంచి బయటపడితే ఏడున్నరకు కంచిలో కాఫీ తాగవచ్చు. పెద్దావిడ వస్తున్నారు కనుక రోజంతటికీ కారు మాట్లాడుకోవడమే మేలు. మీరిద్దరే అయితే బస్సు చాలని చెప్పేవాణ్ణి. చెన్నై బీచ్ నుంచి తాంబరం, చెంగల్పట్టు మీదుగా కంచికి లోకల్ రైలు కూడా ఉంది, కానీ అది చుట్టుదారి. సమయం ఎక్కువ పడుతుంది, ఒకటి తప్పిపోతే తర్వాతి దానికి చాలాసేపు కాచుకోవాలి. శ్రీపెరుంబుదూరు రామానుజులవారి జన్మస్థలం కదా, దారిలోనే ఉంది కదా అని అక్కడ దిగాలనిపిస్తుంది. ఆ రోజుకు వద్దు. దిగితే కంచిలో ఒక గుడి తప్పిపోయినట్టే.

ముందుగా కైలాసనాథాలయానికి వెళ్ళండి. ఊరికి పడమటి అంచున ఉండడం వల్ల యాత్రికుల బస్సులు సాధారణంగా అటు రావు. ఎనిమిదో శతాబ్దం తొలినాళ్ళలో రాజసింహుడనే బిరుదున్న పల్లవరాజు రెండవ నరసింహవర్మ కట్టించిన ఈ గుడి గోపురాల కంచికి పూర్తిగా భిన్నమైనది. ఇసుకరాతితో కట్టినది, తూర్పు ముఖం. ఉదయపు ఎండ పడినప్పుడు రాయి తేనెరంగులోకి తిరుగుతుంది. ప్రాకారం గోడ వెంబడి వరసగా 58 చిన్న గుళ్ళు ఉంటాయి. మనిషి లోపల కూర్చోగలిగేంత చోటు మాత్రమే ఉన్న ఆ గూళ్ళలో కొన్నింట వంగి చూస్తే గోడ మీద పాత రంగుల చిత్రాల ముక్కలు కనబడతాయి: ఒక చోట సగం ముఖం, ఒక చోట చెవికమ్మ. కాళ్ళెత్తి నిలబడ్డ సింహాలు ప్రతి స్తంభాన్నీ మోస్తున్నట్టుంటాయి. గర్భగుడి చుట్టూ ఇరుకైన ప్రదక్షిణ మార్గం ఉంది. ఒక పక్క కన్నంలోంచి పాక్కుంటూ లోపలికి పోయి, చుట్టు తిరిగి, మరో పక్క కన్నంలోంచి పాక్కుంటూ రావాలి. అలా వచ్చినవారికి పునర్జన్మ ఉండదని అక్కడివారి నమ్మకం. పూజారి ఉత్సాహపరుస్తారు. మోకాళ్ళ నొప్పులున్నవారు, ఒళ్ళు కాస్త భారీగా ఉన్నవారు ఆ మాట వినకపోవడం మంచిది, మీ అమ్మగారిని ఎట్టి పరిస్థితుల్లోనూ పంపవద్దు. ఇక్కడే ఒక స్తంభం మీద కన్నడ శాసనం ఉంది. బాదామి చాళుక్యరాజు రెండవ విక్రమాదిత్యుడు కంచిని గెలిచి కూడా ఈ గుడి సొమ్ము తీసుకుపోకుండా స్వామికే తిరిగి సమర్పించినట్టు అది చెబుతుంది. ఆయన రాణి లోకమహాదేవి పట్టదకల్లులో కట్టించిన విరూపాక్షాలయానికి ఈ గుడే నమూనా అని పండితులు అంటారు. శత్రువు ఊళ్ళో గుడి చూసి ముచ్చటపడి వెళ్ళిన రాజులు చరిత్రలో ఎక్కువమంది ఉండరు.

తొమ్మిది ప్రాంతానికి ఏకామ్రేశ్వరాలయం చేరుకోండి. శ్రీకాళహస్తిలో వాయులింగం చూసిన మీకు ఇక్కడిది పృథ్వీలింగమని చెప్పనక్కరలేదు. అమ్మవారు ఇసుకతో చేసిన లింగం కనుక నీటి అభిషేకం లింగానికి కాక పానవట్టానికే జరుగుతుంది. దాదాపు 190 అడుగుల రాజగోపురం 1509లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించినది. లోపల స్తంభాల నడవలు చాలా పొడవు. వృద్ధులకు అసలు శ్రమ ఇక్కడే. నడవలో అక్కడక్కడ కూర్చోనిచ్చి, మామిడిచెట్టు దాకా నడిపించి తీసుకురండి, తొందరపెట్టవద్దు. చెప్పులు విడిచే చోటి నుంచి నేల రాళ్ళు పదింటికే కాలడం మొదలుపెడతాయి కనుక పాత మేజోళ్ళు ఒక జత సంచిలో ఉంచుకోవడం మా ఇంట్లో ఆనవాయితీ.

అక్కడి నుంచి కామాక్షి ఆలయం దగ్గరే. కంచిలోని శివాలయాల్లో అమ్మవారికి వేరే గర్భగుడి కట్టరు, ఊరందరికీ ఈమె ఒక్కతే అమ్మవారు. పద్మాసనంలో, చేత చెరకువిల్లు పట్టుకుని కూర్చున్న మూర్తి. శుక్రవారాలు, పౌర్ణములు, తమిళుల మాసి నెలలో జరిగే బ్రహ్మోత్సవాల రోజులు తప్పించుకుంటే వరసలో ఎక్కువసేపు నిలబడనక్కరలేదు. సంగీతం మీద ఇష్టమున్నవారికి ఒక విషయం: ఇక్కడ ఒకప్పుడు పూజలందుకున్న బంగారు కామాక్షి విగ్రహం యుద్ధాల కాలంలో ఊరు విడిచి, చివరకు తంజావూరు చేరింది. ఆ విగ్రహాన్ని కొలిచిన అర్చకుల వంశంలోనే 1762లో సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన శ్యామశాస్త్రి పుట్టారు. ఆయన తన కృతుల్లో ఎక్కువభాగం తెలుగులోనే రాశారు కాబట్టి కంచి కామాక్షితో మనకున్న చుట్టరికం పట్టుచీరలతో మొదలైనది కాదు.

సమయం మిగిలితే దగ్గరలో ఉన్న ఉలగళంద పెరుమాళ్ కోవెలలో దాదాపు 35 అడుగుల త్రివిక్రమమూర్తిని చూడండి. పది నిమిషాల దర్శనమే అయినా మరిచిపోయేది కాదు. కంచి మఠంలో 1994లో సిద్ధిపొందిన చంద్రశేఖరేంద్ర సరస్వతి స్వామివారి బృందావనం ఉంది, పెద్దవారు తప్పక అడుగుతారు. రైల్వేస్టేషను వైపున్న వైకుంఠ పెరుమాళ్ ఆలయం చరిత్ర ఇష్టపడేవారికి. వారసులు లేని సింహాసనానికి పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి వెతికి తెచ్చి రెండవ నందివర్మగా పట్టం కట్టిన వైనంతో సహా పల్లవుల చరిత్ర గోడల మీద వరస శిల్పాలుగా చెక్కి ఉంటుంది. ఇవన్నీ ఒకే పొద్దున కుదరవు. నన్నడిగితే మొదటి మూడూ నిదానంగా చూడడం, ఏడు గుళ్ళు పరుగెత్తి చూడడం కంటే నయం.

భోజనం తర్వాత చీరలు. ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే పెళ్ళి ఖర్చులో ఇది చిన్న అంశం కాదు. అసలైన కంచిపట్టులో అంచు ఒక రంగు, చీర మధ్యభాగం మరో రంగు ఉన్నప్పుడు ఆ రెండింటినీ కోర్వై పద్ధతిలో నేస్తూనే కలుపుతారు. మగ్గం మీద పేక పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెలు మూడు ఆడతాయి, ఒకటి మధ్యభాగానికి, రెండు అంచులకు. నేతగాడి పక్కన సహాయకుడొకరు కూర్చుని అటువైపు అంచు నాడెను అందిస్తూ ఉంటారు. ప్రతి పేక పోగూ హద్దు దగ్గర అవతలి పోగును మెలివేసుకుని వెనక్కి తిరుగుతుంది. అందుకే ఎర్రచీరకు పచ్చ అంచు అంటే ఆ పచ్చలో ఎరుపు జీర ఉండదు. కొంగు రంగు వేరైతే పడుగునే, అంటే నిలువు పోగులనే, మార్చి అతుకుతారు. దాన్ని పేట్ని అంటారు. దుకాణంలో చీరను తిరగేసి ఈ రెండు అతుకులనూ వెలుతురులో వేలితో తడిమి చూడండి. అంచు హద్దు వెంబడి సన్నని గరుకు గీత తగులుతుంది, కొంగు మొదలయ్యే చోట రెండు పడుగులు కలిసిన మందమైన పట్టీ కనబడుతుంది. ఇవి లేనంత మాత్రాన చీర నకిలీ అనుకోకూడదు, ఒకే పడుగుతో నేసిన మంచి చీరలూ ఉంటాయి. కానీ కోర్వై అని చెప్పి ఆ ధర అడిగినప్పుడు ఇవి ఉండి తీరాలి.

సిల్క్ మార్క్ హోలోగ్రాము చూసి ధీమా పడేవారున్నారు. అది పట్టు స్వచ్ఛమైనదని మాత్రమే చెబుతుంది, జరీ గురించి ఏమీ చెప్పదు. ధరలో పెద్ద తేడా వచ్చేది జరీ దగ్గరే. వెండి తీగ మీద బంగారు పూత వేసిన అసలు జరీయా, లేక తక్కువ రకాలైన హాఫ్ ఫైనా, టెస్టెడ్ జరీయా అని సూటిగా అడిగి, చెప్పిన మాటను బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి జంకే దుకాణంలో కొనవద్దు. నేత సహకార సంఘాల విక్రయశాలలు ఊళ్ళో చాలా ఉన్నాయి. మురుగన్ సంఘం, అరిజ్ఞర్ అణ్ణా సంఘం వాటిలో పేరున్నవి. అక్కడ బేరం ఉండదు, డిజైన్లు కొంచెం పాతకాలపువి అనిపించవచ్చు, కానీ చెప్పిన సరుకే ఇస్తారు. ముహూర్తపు చీర సంఘంలోనూ, పెట్టుపోతల చీరలు గాంధీ రోడ్డు దుకాణాల్లోనూ కొనమని మా వాళ్ళకు చెబుతుంటాను. సంఘం పేరును పోలిన బోర్డులు పెట్టుకున్న ప్రైవేటు దుకాణాలూ ఉన్నాయి. మా పెద్దమ్మగారి కుటుంబాన్ని ఒక డ్రైవరు అటువంటి దుకాణానికే తీసుకువెళ్ళి, ఇది గవర్నమెంటు సొసైటీ అని నమ్మించాడు. కొన్న చీరకు బిల్లు మీద "పట్టుచీర" అన్న ఒక్క మాట తప్ప ఏమీ లేదు. డ్రైవరుకు కమీషన్ ఉంటుందన్నది అందరికీ తెలిసిన సంగతే కనుక, వెళ్ళవలసిన చోటు పేరు పొద్దున్నే చెప్పి పెట్టండి. ఇంకొక మాట. ధర విషయం మీరూ మీ ఆవిడగారూ తెలుగులో గుసగుసలాడుకుంటే దుకాణంవాళ్ళకు అర్థం కాదనుకోవద్దు. నేతవారిలో తెలుగు ఇళ్ళు ఎన్నో, కౌంటరు వెనుక కుర్రాళ్ళకు మన బేరాలన్నీ కంఠతా వచ్చు.

నాలుగు గంటలకు విష్ణుకంచి వెళ్ళండి, దాన్ని ఊళ్ళో చిన్న కాంచీపురం అంటారు. వరదరాజస్వామి హస్తిగిరి అనే చిన్న గుట్ట మీద ఉంటారు కనుక మెట్లెక్కాలి. అమ్మగారికి చేయి ఆసరా కావాలి. బంగారు బల్లి, వెండి బల్లి ఇక్కడే. ఇంట్లో ఎవరి మీద బల్లి పడ్డా కంచి బల్లిని తాకినవారిని వెతుక్కునే కుటుంబాలు మనవి కనుక దాని గురించి చెప్పనక్కరలేదు; చిన్న టికెట్టు తీసుకుని, నిచ్చెనమెట్ల మీదికెక్కి పైకప్పుకున్న బల్లులను తాకి దిగాలి. నూరుకాళ్ళ మండపంలో ఒకే రాతిలో తొలిచిన గొలుసులు వేలాడుతుంటాయి. దాని పక్కన అనంతసరస్సు. అందులోంచే నలభై ఏళ్ళకొకసారి అత్తివరదరును, అంటే నీళ్ళలో ఉండే మేడికర్ర వరదరాజ విగ్రహాన్ని, బయటికి తీస్తారు. కిందటిసారి 2019లో 48 రోజులు దర్శనమిచ్చారు, కనుక ఈసారికి నీళ్ళకే నమస్కారం. ఈ స్వామికి నైవేద్యం పెట్టే ఇడ్లీ ప్రసిద్ధమైనది; వెదురుబుట్టలో ఆకులు పరిచి, మిరియాలు, జీలకర్ర, శొంఠి, ఇంగువ, నెయ్యి వేసిన పిండిని గంటల తరబడి ఆవిరి మీద ఉడికించి ముక్కలుగా కోస్తారు. ప్రసాదాల దగ్గర అడిగి చూడండి. మెత్తని ఇడ్లీ అలవాటైనవారికి మొదటి ముక్క గట్టిగా అనిపిస్తుంది, ఘాటు తెలిశాక రెండోది అడుగుతారు. వైశాఖంలో గరుడసేవ రోజున మాత్రం పెద్దవారితో ఇటు రావద్దు, ఇసుక వేస్తే రాలదు.

చీకటి పడ్డాక పొద్దున వచ్చిన దారినే తిరిగి రావద్దు. మీ బంధువుల ఇల్లు తాంబరం వైపు అయితే విష్ణుకంచి నుంచి వాలాజాబాదు, ఒరగడం మీదుగా వండలూరు చేరడం సుఖం. ఒకవేళ మర్నాడు తిరుమల వెళ్ళే ఆలోచన ఉంటే చెన్నైకి రావలసిన అవసరమే లేదు. కంచి బస్టాండు నుంచి తిరుత్తణి మీదుగా తిరుపతికి నేరుగా బస్సులున్నాయి. ఆ రాత్రి కంచిలోనే గది తీసుకుని, వైకుంఠ పెరుమాళ్ళను మర్నాడు పొద్దున్నే చూసుకుని బస్సెక్కవచ్చు.