ముందు ప్రింటర్ దగ్గరికి వెళ్లు

బుజ్జమ్మకు,

పెదనాన్న ఆశీస్సులు. ల్యాబ్ ఇన్‌ఛార్జ్‌గా చేరి వారం కాలేదు, అప్పుడే ప్రింటర్ పని నీ నెత్తిన పడిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. పన్నెండు ఉబుంటు కంప్యూటర్లు, ఆఫీసు గదిలో ఒక్క లేజర్ ప్రింటర్, అన్నీ ఒకే రౌటర్ మీద. ఇంతేగా? టెన్షన్ పడకు తల్లీ.

కంప్యూటర్ ముందు కూర్చుని డ్రైవర్ల కోసం, అంటే ప్రింటర్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్ కోసం, మాత్రం వెతకడం మొదలుపెట్టకు. లేచి ప్రింటర్ దగ్గరికి వెళ్లు.

నేనలా వెళ్లక ఒక పూటంతా పోగొట్టుకున్నాను. ఆరోజు కాలేజీలో హాల్ టికెట్లు ఇవ్వాలి. పొద్దున్నే కరెంటు పోయి వచ్చింది. ఆ తర్వాత ఒక్క కాగితం బయటికి రాలేదు. డ్రైవర్ తీసేశాను, మళ్లీ వేశాను, వేరేది దించి చూశాను. పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని నన్నే చూస్తున్నారు. మధ్యాహ్నం అటెండర్ వచ్చి ప్రింటర్ మీద బటన్లు రెండు నొక్కి, "నిన్నటిదాకా చివర 14 ఉండేది సార్, ఇవాళ 23 చూపిస్తోంది" అన్నాడు. కరెంటు వచ్చాక రౌటర్ దానికి కొత్త ఐపీ అడ్రస్ ఇచ్చింది, అంటే నెట్‌వర్క్‌లో దాని ఇంటి నంబరు మారింది. కంప్యూటర్లేమో ఖాళీ చేసిన ఇంటి తలుపే కొడుతున్నాయి.

అందుకని ప్రింటర్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ మెనూకి వెళ్లి కాన్ఫిగరేషన్ పేజీ ఒకటి తియ్యి. అందులో ఐపీ అడ్రస్, ప్రింటర్‌ని గుర్తుపట్టే మ్యాక్ అడ్రస్ రెండూ ఉంటాయి. రౌటర్ సెట్టింగుల్లో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది, అక్కడ ఆ మ్యాక్‌కి ఒక ఐపీని కట్టేస్తే ఇక మారదు. తర్వాత ఒక కంప్యూటర్‌లో టెర్మినల్ తెరిచి ఆ అడ్రస్‌కి పింగ్ కొట్టి, అవతల ప్రింటర్ పలుకుతుందేమో చూడు. జవాబు రాకపోతే డ్రైవర్ ఊసే ఎత్తకు. కేబుల్ ఊడిందేమో, ప్రింటర్ ఆఫయిందేమో, ఎవరైనా దాన్ని గెస్ట్ వైఫైలో కలిపారేమో చూడు.

జవాబు వచ్చిందా, సగం పని అయిపోయినట్టే. మీ ఉబుంటు కూడా లినక్సే. లినక్స్‌లో ప్రింటింగ్ సంగతంతా చూసుకునేది కప్స్ అనే సాఫ్ట్‌వేర్. మైకేల్ స్వీట్ తయారుచేశాడు, 1999లో విడుదలైంది, 2007లో యాపిల్ దాన్ని కొనుక్కుంది. యాపిల్ మ్యాక్ కంప్యూటర్‌లో ప్రింట్ కొట్టినా లోపల పనిచేసేది ఇదే. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అని కొట్టి, కోలన్ పెట్టి 631 అని టైప్ చేస్తే దాని పేజీ వస్తుంది. అడ్మినిస్ట్రేషన్‌లో యాడ్ ప్రింటర్ నొక్కు. పాస్‌వర్డ్ అడిగితే నీ లాగిన్‌దే ఇవ్వు. ఒప్పుకోలేదంటే నీ అకౌంట్ ఎల్‌పీఅడ్మిన్ గ్రూపులో, అంటే ప్రింటర్లు మార్చే అనుమతి ఉన్నవాళ్ల జాబితాలో, లేదన్నమాట.

అక్కడ ఒకే ప్రింటర్ రెండు మూడు పేర్లతో కనబడి కంగారు పెడుతుంది. నువ్వు వాటిని వదిలేసి ఐపీపీ అన్నది (నెట్‌వర్క్ మీద ప్రింట్ పంపే పద్ధతి) ఎంచుకుని అడ్రస్ చేత్తోనే రాయి: ముందు ఐపీపీ, కోలన్, రెండు స్లాష్‌లు, ప్రింటర్ ఐపీ, ఆపైన స్లాష్ ఐపీపీ స్లాష్ ప్రింట్. దానంతటది కనబడే పద్ధతి అవాహి అనే సర్వీసు మీద నడుస్తుంది. ఫైర్‌వాల్ అడ్డొస్తే పేరు మాయమవుతుంది. కదలని అడ్రస్ ఇచ్చాక ఆ బాధ లేదు. మోడల్ అడిగిన చోట ఐపీపీ ఎవ్రీవేర్ అని పెట్టు. డబ్బా మీద ఎయిర్‌ప్రింట్ (యాపిల్ వాళ్ల ప్రింటింగ్ పద్ధతి) అనే గుర్తు ఉన్న ప్రింటర్లు చాలావరకు దీనికి పలుకుతాయి. తన దగ్గర ఏ కాగితం ఉందో, రెండు వైపులా వేయగలదో లేదో ప్రింటరే చెబుతుంది. ప్రింటర్ పేరులో ఖాళీ వదలకు, కప్స్ ఒప్పుకోదు.

పాత ప్రింటర్ అయితే వేరే దారి. కప్స్‌లో ఐపీపీ బదులు సాకెట్ అనే పద్ధతి ఎంచుకుని, 9100 పోర్టు నంబరుతో కలిపి, దాని డ్రైవర్ వేసుకోవాలి. హెచ్‌పీ అయితే దాని డ్రైవర్లున్న హెచ్‌పీలిప్ ప్యాకేజీ ఉంది. జిరాక్స్ షాపుల్లో కనిపించే చిన్న లేజర్ ప్రింటర్లలో చాలావాటికి నెట్‌వర్క్ కేబుల్ పెట్టే పోర్టే ఉండదు. వాటిని యూఎస్‌బీతో ఒక కంప్యూటర్‌కి తగిలించి అక్కడినుంచి షేర్ చేస్తారు. అప్పుడు ఆ కంప్యూటర్ రోజంతా ఆన్‌లో ఉండాలి. మీ కాలేజీవాళ్లు కొత్తది కొనేటప్పుడు నిన్ను అడిగితే, ఈథర్‌నెట్ పోర్టున్నదే తెమ్మను.

టెస్ట్ పేజీ వచ్చాక కూడా రెండు చిక్కులొస్తాయి. ఆరెంజ్ లైటు టపటపా కొట్టుకుంటూ, ట్రేలో కాగితాలున్నా ప్రింటర్ కదలదు. కప్స్‌లో కాగితం సైజు లెటర్ (అమెరికా కొలత) అని ఉంటుంది, మన ట్రేలో ఉన్నది ఏ4. కప్స్‌లో డిఫాల్ట్ ఆప్షన్లకి వెళ్లి ఏ4 పెట్టు. రెండోది తెలుగు నోటీసులు. పాత అను ఫాంట్లలో టైప్ చేసిన ఫైలు తెస్తే మన కంప్యూటర్‌లో ఆ ఫాంట్ ఉండదు, అక్షరాల చోట పిచ్చి గుర్తులొస్తాయి. అది ప్రింటర్ తప్పు కాదు. టైప్ చేసిన కంప్యూటర్‌లోనే పీడీఎఫ్ చేసి తెమ్మని చెప్పు.

ఎప్పుడైనా పేపర్ ఇరుక్కుంటే కప్స్ ఆ ప్రింటర్‌ని ఆపేసి కూర్చోవచ్చు. మన పిల్లలు ఊరుకుంటారా, ప్రింట్ బటన్ పదిసార్లు నొక్కుతారు. నువ్వు తొందరపడి రెజ్యూమ్ కొట్టావంటే ఒకే రికార్డు పేజీ పది కాపీలు బయటికొస్తాయి. ముందు క్యూ చూసి అదనపువి రద్దు చెయ్యి, ఆ తర్వాతే రెజ్యూమ్.

ఇంకోటి, అప్‌డేట్లు వాయిదా వేయకు. 2024 సెప్టెంబర్‌లో, నెట్‌వర్క్‌లో ప్రింటర్లను వెతికే కప్స్ బ్రౌజ్‌డీ అనే భాగంలో పెద్ద భద్రతా లోపమే బయటపడింది. 631 పోర్టు బయటి ఇంటర్నెట్‌కి తెరిచి ఉందేమో రౌటర్‌లో చూసుకో.

ఒక కంప్యూటర్‌లో అయ్యాక మిగతా పదకొండింటికీ అవే అక్షరాలు, అదే అడ్రస్. ఆ అడ్రస్‌ని చీటీ మీద పెద్దగా రాసి ప్రింటర్‌కి అంటించు. అటెండర్‌కి కూడా చూపించు.

మీ పెదనాన్న