మీ పెద్దబాపును ముందుగాల చెట్టెక్కించు

తమ్మీ,

కల్లు గీసిన మీ పెద్దబాపు మీద నువ్ రాసి పంపిన వ్యాసం రాత్రి చదివిన, పొద్దున లేచి మళ్లీ చదివిన, కోపం తగ్గలే. అన్ని పేజీలల్ల మీ పెద్దబాపు శ్రమజీవి అయిండు, త్యాగమూర్తి అయిండు, పల్లె గుండెచప్పుడు గూడ అయిండు గానీ ఒక్కసారన్న తాడిచెట్టు ఎక్కలే! కల్లు గీసే మనిషి మీద రాసిన దాంట్ల చెట్టెక్కే తాడు, మోకు, ఒక్కచోట వస్తది, అదీ ఆయన పోయినంక గోడకు ఏలాడుకుంట. నడుముకు కట్టే ముత్తాదు లేదు, కత్తి లేదు, కల్లు పట్టే లొట్టి లేదు. పొద్దుగాల ఎన్నింటికి లేచేటోడు? ఎన్ని చెట్లు గీసేటోడు? వానకు తడిసి పాకురు పట్టిన చెట్టు ఎట్ల ఎక్కేటోడు, ఆ పొద్దు ఇంట్ల మీ పెద్దమ్మ ఏం చేసుకుంట కూసునేది? కల్లు కారే పూగెలను గొల అంటరు, దాని కొస సన్నగ పొరలెక్క చెక్కాలె, జర ఎక్కువ కోస్తే గొల ఖరాబైతది, కోయకుంటే కల్లు ఆగుతది, ఆ చెయ్యి ఆయనకు ఎవరు నేర్పిన్రు? ఇవి రాయి, శ్రమజీవి అన్న మాట నీకు యాదికి గూడ రాదు. మనిషిని రాయాలంటే ఆయన పనిని రాయాలె, నాకు తెలిసింది ఇదొక్కటే, ఇంకోటి చెప్పుమన్నా రాదు.

ఒక్క కాడ మాత్రం ఆగిన. ఎంత ఎండల పెండ్లికి పోయినా పెద్దబాపు చొక్కాకు మెడదాక గుండీలు పెట్టుకునేటోడు అని రాసినవ్, పద్ధతి గల్ల మనిషి అని చెప్పనీకి. పద్ధతి కాదేమో తమ్మీ. ఏండ్లకేండ్లు చెట్టుకు రొమ్ము ఒరుసుకుంట ఎక్కి దిగినోళ్లకు ఛాతీ మీద కాయలు కడ్తయ్, తోలు నల్లగ మొద్దుబారుతది. మా ఊర్ల గౌండ్లాయన ఒకాయన బాయి కాడ గూడ బనీను ఇప్పకపోయేది. మీ పెద్దబాపు సంగతి అదేనా కాదా మీ పెద్దమ్మకు ఎరుక, పోయి అడుగు.

ఇంగ 2004 ముచ్చట. ఊరిడిసి హైదరాబాద్ వచ్చి కూకట్‌పల్లిల అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అయిండు, విధి ఆడిన నాటకం అన్నవ్. విధి ఏందివయ్యా, సర్కార్! ఆ ఏడే సిటీల కల్లు అమ్మే కాంపౌండ్లు బంద్ పెట్టిన్రు, ఊర్లకెల్లి ఇటు పట్నం వచ్చే కల్లు ఆగింది, కల్లు అమ్ముడుపోకుంటే చెట్టెక్కి ఏం చేస్తడు. 2014ల మళ్లీ తెరిచిన్రు, నీ లెక్క చూస్తే ఆయన ఊరికి మళ్లింది గూడ అప్పుడే. అంటే పదేండ్లు గేటు కాడ ప్లాస్టిక్ కుర్చీల కూసున్నడు, తాళ్లు ఎక్కే మనిషి, లిఫ్ట్ ఉన్న బిల్డింగ్ కింద. నీ వ్యాసమంత అక్కడ ఉన్నది, నువ్ దానికి ఇచ్చింది ఒక్క లైను. గీసేటోని పేరు మీదనే ఇచ్చే టీఎఫ్‌టీ లైసెన్సు ఉండెనా, లేకుంటే గీసేటోళ్ల సొసైటీల మెంబరా, ఆ పదేండ్లు ఆయన చెట్లు ఎవరు గీసిన్రు, తిరిగి పోయినంక ఇచ్చిన్రా లేదా? ఊర్ల లొల్లి అయ్యే ఉంటది.

నాకీ పిచ్చి ఊరికే పట్టలే. మా నాయిన మిర్యాలగూడల రైస్ మిల్లు హమాలీ. నేను చిక్కడపల్లిల రూము తీసుకొని పగలు ప్రూఫులు దిద్దుకుంట రాత్రి ఆయన మీద కథ రాసిన, బస్తాకు ఎంత, లారీకి ఎంత, ముఠాల ఎట్ల పంచుకుంటరు, అడ్వాన్సు కింద ఎంత కోస్తరు అన్నీ పెట్టిన. ఆదివారం పేజీ చూసే ఎడిటర్ సాబ్ ఆ లెక్కలన్నీ కొట్టేసి, మా అమ్మ ఏడ్చే పేరా ఉంచిండు. పైన బొమ్మ నాగలి పట్టిన రైతుది. మాకు గుంట జాగ లేదు! పేపర్ పట్కపోయి చూపెడితే మా నాయిన 'ఈయన ఎవలురా' అన్నడు. ఆ ఎడిటర్ ఇప్పటికీ రవీంద్రభారతిల సన్మానాలకు వస్తడు, నేను కనపడకుంట ఎనక వరసల కూసుంట. ఇప్పుడైతే ఎడిటర్లతోని గూడ పని లేదు, మీకు మీరే కోసుకుంటున్రు. కథల పోటీ అంటే చాలు ఒక చెరువు, ఒక యాపచెట్టు, కడపట కండ్లల్ల నీళ్లు.

నీ వ్యాసంల పెద్దబాపు చావు కాడ అయితే కాయితం పక్కకు పెట్టిన. తాటితల్లి బిడ్డను ఒడిలోకి తీసుకున్నదట. చెట్టు మీదికెల్లి పడితే నడుము ఇరుగుతది తమ్మీ, బతికినోళ్లు శానమంది మంచంలనే ఉంటరు. మోకు జారెనా, తెగెనా? దవాఖానకు ఏ బండిల తెచ్చిన్రు, తొవ్వల ఏమన్న మాట్లాడిండా? ఎక్స్‌గ్రేషియా కాయితాలకు మీ అన్న ఆఫీసుల పొంటి తిరిగిండని రాసి మళ్లా అక్కడికెల్లి ఆకాశం మీదికి పోయినవ్. 2024 జులైల అబ్దుల్లాపూర్‌మెట్ దిక్కు లష్కర్‌గూడల కాటమయ్య రక్ష కిట్లు ఇచ్చుడు మొదలుపెట్టిన్రు, జారినా మనిషిని పట్టి ఆపేతందుకు. మీ పెద్దబాపు పోయింది అంతకు ముందు ఏడే. ఈ రెండు ముక్కలు పక్కపక్కన పెట్టు చాలు, ఒడి గిడి తీసెయ్.

పుస్తకం ఎవరేస్తరు, కలం పేరు ఉండాల్నా అని ఏందేందో అడిగినవ్, అవి తర్వాత. నీ భాష మంచిగున్నది, చెప్పుడు మర్సిన. మీ పెద్దబాపుతోని గీసిన దోస్తు ఎవరన్న ఉంటే ఒక పొద్దు ఆయన ఎంబడి తాళ్లల్లకు పో. పెద్దమ్మను మాత్రం నలుగురి ముందట అడగకు. మళ్లీ రాసినంక టైపు చేసి పంపు, నోట్‌బుక్ ఫోటోలు వాట్సాప్‌ల పెడితే నాకు కండ్లు ఆనుతలేవ్.