నాలుగేళ్ళ బాబుకి నీళ్ళ విరేచనాలు, మోషన్స్ ఆపే టాబ్లెట్ వేయొచ్చా?

రాత్రి నుంచి ఏడుసార్లు నీళ్ళ విరేచనాలు, రెండు వాంతులు, మెడికల్ షాపులో లోపరమైడ్ ఇచ్చారు, ఇంట్లో పెద్దవాళ్ళేమో ఏమీ పెట్టొద్దంటున్నారు అని రాశారు కదండీ. ముందు ఆ టాబ్లెట్ పక్కన పడేయండి ప్లీజ్. అది పేగు కదలికని ఆపుతుంది అంతే, లోపల జబ్బు ఎక్కడికీ పోదు, పొట్ట ఉబ్బిపోతుంది, చిన్నపిల్లలకి చాలా ప్రమాదం. పోయిన నీళ్ళూ ఉప్పులూ మళ్ళీ లోపలికి పంపడమే అసలు వైద్యం, మోషన్స్ మామూలుగా కొద్ది రోజుల్లో, ఒక్కోసారి వారం పట్టి, వాటంతటవే తగ్గుతాయి.

మా పాప విషయంలో నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చేయకండి. దానికి మూడేళ్ళప్పుడు మే నెలలో పెళ్ళికెళ్ళొచ్చిన మర్నాడు మొదలైంది. ఓఆర్‌ఎస్ (నీళ్ళలో కలిపి పట్టే ఉప్పు, గ్లూకోజ్ పొడి) ఇస్తున్నానన్న ధైర్యంతో ఉన్నా, కానీ లీటరు నీళ్ళలో కలపాల్సిన ప్యాకెట్ మొత్తం ఒక్క గ్లాసులో కలిపేశా, చిక్కగా ఉంటే త్వరగా బలం వస్తుందనుకుని. అలా కలిపితే ఒంట్లో ఉప్పు పెరిగిపోతుందట, మోషన్స్ కూడా ఎక్కువవుతాయట. సాయంత్రానికి పాప ఏడుస్తోంది గానీ కంట్లో చుక్క నీరు లేదు, కళ్ళు పీక్కుపోయాయి. డాక్టరమ్మ పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలితే ఆ మడత అలాగే నిలబడి మెల్లగా సర్దుకుంది, అది నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. రాత్రంతా సెలైన్ ఎక్కించారు.

కాబట్టి కొలత ముఖ్యం. ఖాళీ లీటరు వాటర్ బాటిల్‌తో కాచి చల్లార్చిన నీళ్ళు కొలిచి అందులో ప్యాకెట్ అంతా కలపండి, చక్కెర గానీ ఇంకేదీ గానీ వేయొద్దు, 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి. 200 మి.లీ.కి సరిపోయే చిన్న ప్యాకెట్లు కూడా ఉంటాయి, వెనక రాసింది చదివే కలపండి. మీ బాబు వయసుకి మోషన్ అయిన ప్రతిసారీ 100 నుంచి 200 మి.లీ. పట్టాలి, రెండేళ్ళలోపు పిల్లలకైతే 50 నుంచి 100. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ చెంచాతో, నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా చొప్పున పట్టండి, ఓపిక కావాలి కానీ గ్లాసుతో ఒకేసారి తాగించినదాని కంటే ఇదే కడుపులో నిలుస్తుంది.

షాపులో ఓఆర్‌ఎస్ అని టెట్రా ప్యాక్‌లో తియ్యటి డ్రింక్ ఇస్తే తీసుకోవద్దు. పేగులో ఉప్పూ గ్లూకోజూ కలిసి లోపలికి వెళ్తుంటే వాటి వెంట నీళ్ళు వెళ్తాయి, చక్కెర మరీ ఎక్కువైతే అదే ఎదురు తిరిగి ఒంట్లో నీళ్ళని పేగులోకి లాగుతుంది. అందుకే మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) అలాంటి డ్రింకుల పేర్లలో ఓఆర్‌ఎస్ అని వాడకూడదని ఆర్డర్ ఇచ్చింది. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి, లేదా ఆశా వర్కర్‌నో పీహెచ్‌సీలోనో అడగండి, ఫ్రీగా ఇస్తారు. జింక్ కూడా అక్కడే దొరుకుతుంది, ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజూ 20 మి.గ్రా. 14 రోజులు, మోషన్స్ ఆగిపోయినా ఆపకూడదు. యాంటీబయాటిక్ మాత్రం డాక్టర్ చెప్తేనే.

లంఖణం పరమౌషధం అని మా అత్తమ్మ కూడా అన్నారు, పాపం మంచికే అంటారు, కానీ ఈ జబ్బులో పిల్లల్ని పస్తు పెట్టకూడదు. మెత్తటి పెరుగన్నం, గంజిలో కాస్త ఉప్పు, ఇడ్లీ, అరటిపండు, తిన్నంత పెట్టండి. తల్లిపాలు తాగే పసివాళ్ళకైతే పాలు అస్సలు మానొద్దు.

టీనేజ్ పిల్లలున్నవాళ్ళకి ఇంకో మాట. మా పెద్దాడు పదో తరగతిలో సిగ్గుపడి ఒకరోజంతా చెప్పలేదు, కూల్‌డ్రింక్ తాగుతూ గదిలో పడుకున్నాడు, మంచం మీంచి లేవబోయి కళ్ళు తిరిగి గోడ పట్టుకుంటే అప్పుడు తెలిసింది. వాళ్ళని ఎన్నిసార్లు వెళ్ళావ్ అనడగడం కంటే మూత్రం ఎప్పుడు పోశావ్, ఏ రంగులో వచ్చింది అని అడగండి, నిజం బయటపడుతుంది. వాడికీ అదే ఓఆర్‌ఎస్, కాకపోతే తాగగలిగినంత.

మలంలో రక్తం పడినా, ఏది పట్టినా కక్కేస్తున్నా, మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోయినా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా ఇక ఇంట్లో పెట్టుకోవద్దు, వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి, దారిలో కూడా చెంచాతో పడుతూనే ఉండండి. ఇంతకీ మీ బాబు పొద్దున్నుంచి మూత్రం పోశాడా? లేదంటే రిప్లై కోసం చూడకుండా ఇప్పుడే బయల్దేరండి.