22 తుపాకులూ అక్కర్లేదు, వడిసెల మాత్రం ఉంచు

ప్రశ్న: నల్గొండలో బీటెక్ చదువుతున్నాను. ఇద్దరు దోస్తులతో కలిసి గోడో (గేములు తయారు చేసే సాఫ్ట్‌వేర్)లో మల్టీప్లేయర్ షూటర్ గేమ్ తయారు చేస్తున్నాం. దేవరకొండ ఖిల్లాను చూసి మ్యాప్ గీశాం. ఇప్పటికి 22 తుపాకులు పెట్టాం కానీ, హాస్టల్లో ఎనిమిది మందిమి ఆడితే అందరూ స్నైపరే పట్టుకుంటున్నారు. ఏవి ఉంచాలి, ఏవి తీసెయ్యాలి? వడిసెల కూడా పెడదామంటే దోస్తులు వద్దంటున్నారు.

జవాబు: తమ్ముడూ, ముందు వడిసెల సంగతే చెప్తాను, నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది అదే. చేను కాడ పిట్టలను తోలే వడిసెలనే 1946–51 తెలంగాణ సాయుధ పోరాటంలో మన నల్గొండ పల్లెల జనం గుత్పలు (లావు కర్రలు), కారం పొడితో పాటు చేతబట్టారు. ఈ మట్టి మీద గీసిన మ్యాప్‌లో దానికి చోటు ఉండాల్సిందే. ఆటగా చూసినా అది గట్టి ఆయుధం. చాలా గేముల్లో తుపాకి నొక్కిన క్షణంలోనే గుండు తగిలినట్టు లెక్క, దాన్ని హిట్‌స్కాన్ అంటారు. వడిసెల రాయి అలా కాదు, గాల్లో వంపు తిరిగి పోతుంది, సెకనుకు 30 మీటర్ల వేగం పెడితే 15 మీటర్ల దూరం పోవడానికి అర సెకను పడుతుంది కాబట్టి అవతలివాడు చూసి తప్పుకోవచ్చు, కానీ బురుజు వెనక నక్కినవాణ్ని గోడ మీది నుంచి కొట్టడం మాత్రం దానితోనే అవుతుంది.

మిగతా 22 తుపాకులనూ ఇట్లనే చూడు. ఒకటి చేసే పని ఇంకోటి కూడా చేస్తుంటే ఒకదాన్ని తీసెయ్. నా లెక్కన దగ్గరికి షాట్‌గన్, నడి దూరానికి రైఫిల్, దూరానికి స్నైపర్, చాటున ఉన్నవాడికి వడిసెల. నాలుగు చాలు.

రైఫిల్ లెక్క కాగితం మీద వేసుకో. ప్రాణం 100, గుండుకు 25 నష్టం, నిమిషానికి 600 గుండ్లు అనుకుందాం. నాలుగు గుండ్లకు మనిషి పోతాడు, అంటే మొదటి గుండు నుంచి 0.3 సెకన్లు. అంత తక్కువ టైంలో దెబ్బ తిన్నవాడు వెనక్కి తిరిగి చూసేలోపే ఆట అయిపోతుంది, వాడికి చిరాకు తప్ప ఇంకేమీ మిగలదు. నష్టం 15కి దించితే ఏడు గుండ్లు, 0.6 సెకన్లు. అప్పుడు పోట్లాట ఉంటుంది.

స్నైపర్ దగ్గర తప్పు తుపాకిది ఒక్కదానిదే కాదు. గుట్ట మీది నుంచి కింది దాకా అంతా ఖాళీగా కనబడితే ఎవరైనా అదే పడతారు. మధ్యలో బండలు, కూలిన గోడలు పెట్టు, గుండుకూ గుండుకూ మధ్య ఒకటిన్నర సెకన్లు ఆగేలా చెయ్.

నెట్‌వర్క్ సంగతి నువ్వు అడగలేదు కానీ ఆయుధాల ఎంపికలో అది కూడా ఉంది. తగిలిందా లేదా అనేది సర్వరే, అంటే అందరి ఆటనూ కలిపి నడిపే కంప్యూటరే తేల్చాలి, ఆడేవాడి కంప్యూటర్ మాట నమ్మితే మోసం మొదలవుతుంది. హిట్‌స్కాన్ తుపాకికి సర్వర్ కాలంలో కొద్దిగా వెనక్కి పోయి, కాల్చినవాడి తెర మీద ఆ క్షణాన ఎవరు ఎక్కడున్నారో చూసి తేల్చాలి, ఇది రాయడం కష్టం, పైగా గోడ చాటుకు వెళ్లిపోయాక కూడా చచ్చామని ఆడేవాళ్లు మొత్తుకుంటారు. రాయినైతే సర్వర్ మీదే ఎగరనిస్తే సరిపోతుంది. అందుకే ముందు వడిసెల పూర్తి చెయ్, తర్వాత తుపాకులకు రా.

ఆడిన ప్రతిసారీ ఎవరు, ఏ ఆయుధంతో, ఎంత దూరం నుంచి చంపారో ఫైల్‌లో రాయించు. పది ఆటల తర్వాత ఆ ఫైల్‌ను దోస్తుల ముందు పెట్టు. వడిసెల ఉండాలో వద్దో అప్పుడు ముగ్గురూ కూర్చొని తేల్చుకోండి.