వోర్టిసెల్లా రాయిని పట్టుకుంటుందా, రాయికి అతుక్కుంటుందా?

సందేహం: నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను. వోర్టిసెల్లా గురించి నోట్సులో ‘ఈ ఏకకణ జీవి వృంతం సహాయంతో తనను తాను రాయికి అంటించుకుంటుంది’ అని రాశాను. తోటి టీచరు ‘రాయిని పట్టుకుంటుంది’ అనాలన్నారు, ఇంకొకరేమో ‘వేళ్లూనుకుంటుంది’ బాగుంటుందన్నారు. ఏది సరి?

సమాధానం: మూడూ వద్దండి, ‘రాయికి అతుక్కుంటుంది’ అనండి చాలు.

అసలు అది చేసే పనేమిటో చూస్తే క్రియ దానంతటదే దొరుకుతుంది. వోర్టిసెల్లా కణం రెండుగా చీలినప్పుడు ఒకటి పాత కాడ (అదే మీ వృంతం) మీదే ఉండిపోతుంది, రెండోదానికి కాడ ఉండదు, అది అడుగున వలయంగా మొలిచిన శైలికలతో, అంటే సన్నని నూగులాంటి వెంట్రుకలతో, ఈదుకుంటూ పోతుంది. అనువైన చోటు తగిలితే అడుగు భాగాన్ని అక్కడ ఆనించి జిగురు వదులుతుంది. ఆ జిగురు పట్టాకే కాడ పెరిగి ఒంటిని పైకి లేపుతుంది. అంటే ముందు అతుకు, తర్వాత కాడ. మీ వాక్యంలో ‘వృంతం సహాయంతో’ అన్నది వరసను తిరగేసింది, అది తీసేయండి.

‘పట్టుకోవడం’లో ఎప్పుడైనా వదిలేయగలననే అర్థం ఉంది. ఇది అలా వదలదు. నీళ్లు పాడైతే ఒళ్లు మాత్రం కాడ నుంచి విడిపోయి మళ్లీ శైలికలు మొలిపించుకుని వెళ్లిపోతుంది, కాడ రాయికే ఉండిపోతుంది! ఇక వేళ్లూనుకోవాలంటే ఏదో ఒకటి లోపలికి దిగాలి కదా, రాయిలోకి ఇక్కడ ఏమీ దిగదు, ఉన్నదంతా పైపైన జిగురే.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం ‘తనను తాను అంటించుకుంటుంది’. ఇంగ్లీషు వాక్యాన్ని మాటకు మాట దింపితే వచ్చేది ఇదే, ఇప్పుడు సైన్సు పాఠాల నిండా ఇవే. మనకు క్రియ చివర చేరే ‘కొను’ ఉండగా ‘తనను తాను’ ఎందుకు? పిల్లి మంచం కింద దాక్కుంది అంటాం, తనను తాను దాచుకుంది అనం. ‘అంటుకుంటుంది’ తప్పేమీ కాదు కానీ బురద, నిప్పు, గజ్జి అంటుకుంటాయి, అంటే మన ప్రమేయం లేకుండా వచ్చి తగులుకునేవి. చోటు చూసుకుని దిగే జీవికి ఆ మాట అంత నప్పదు.

ఇంకో తేడా కూడా పిల్లలకు చెప్పండి. ‘అతుక్కుంటుంది’ అంటే దిగిన ఆ ఒక్కసారి జరిగే పని, ఆ తర్వాతదంతా ‘అతుక్కుని ఉంటుంది’. ఏదైనా తాకితే వోర్టిసెల్లా కాడ, లోపలి కాల్షియం అయాన్ల వల్ల, సెకనులో వెయ్యో వంతులు కొన్ని గడిచేలోపే చుట్టలు చుట్టుకుంటుంది, ఒళ్లు గభాల్న రాయి దగ్గరికి వచ్చేస్తుంది. దీన్ని చూసి ‘ముడుచుకుని రాయికి అతుక్కుంది’ అని రాసేవాళ్లున్నారు, అది పొరపాటు. అది ఎప్పుడో అతుక్కుంది, ఇప్పుడు ముడుచుకున్నది కాడ మాత్రమే. దీనికి దగ్గరి చుట్టమైన ఎపిస్టైలిస్‌కు ఆ ముడుచుకునే కాడ కూడా లేదు, అయినా అది అతుక్కునే ఉంటుంది.

వృంతం, కాడ రెండూ సరే. పరీక్షలో వృంతం రాయించండి, పాఠం చెప్పేటప్పుడు కాడ అనండి.

‘పట్టుకుంటుంది’ అన్న టీచరుగారి మాటకూ ఒక చోటుంది. స్టెంటర్ అనే మరో ఏకకణ జీవి తోక చివరతో ఆకుకో పుల్లకో నిలబడి, అక్కడ బాగోలేకపోతే దేన్నీ వదిలిపెట్టకుండా మొత్తంగా ఊడి ఇంకో చోటికి ఈదుకుపోతుంది. దాని విషయంలో ‘పట్టుకుంటుంది’ అంటే నాకు అభ్యంతరం లేదు.