చెరువులో స్కూబా శిక్షణ: ఒడ్డు ఎంపిక

ప్రశ్న: హైదరాబాద్ దగ్గరి చెరువులో స్కూబా (గాలి సిలిండర్‌తో నీటి అడుగున ఈత) శిక్షణ ఇవ్వాలనుకుంటున్నాం. ఒడ్డున ఏమేం చూడాలి?

జవాబు: మురుగు కలిసే చెరువైతే ఆ ఆలోచనే మానండి. తర్వాత చూడాల్సింది అడుగు. బురద మేట ఉంటే ఒక్క ఫిన్ (కాలికి తొడిగే ఈత రెక్క) తాకిడికే నీళ్లు మసకబారి, శిక్షకుడికి విద్యార్థి కనిపించడు. గట్టి ఇసుక నేల మెల్లగా వాలుతూ పోవాలి. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో తెలియడానికి నలుపు తెలుపు రంగుల 20 సెంటీమీటర్ల పళ్లెం తాడుతో దించి, ఎంత లోతులో కనుమరుగవుతుందో కొలవండి. వాన పడ్డాక మళ్లీ కొలవండి. తూము, వలలు, మునిగిన చెట్లు ఉన్న వైపు వద్దే వద్దు. తూము లాగేసే నీటికి ఎదురీదడం ఎవరి తరమూ కాదు.

చాలామంది మరిచేది ఎత్తు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైనే ఉంది. 300 మీటర్లు దాటితే మామూలు డైవ్ పట్టికలు (ఏ లోతులో ఎంతసేపు ఉండొచ్చో చెప్పేవి) పనికిరావు, ఎత్తుకు సవరించినవే వాడాలి. ఆక్సిజన్ కిట్ ఒడ్డునే ఉంచండి, అంబులెన్స్ అక్కడిదాకా రాగలదో లేదో వాహనం నడిపి చూడండి.